కణములో గొప్పది ఏది?

(రేడియో ప్రసంగ పాఠం)

 

ఈ దినము మన ధ్యానాంశము కొంచెం వింతగా ఉంటుంది. మొదటి కొరింథీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయము దగ్గర బైబిలు తెరిచి పెట్టుకోండి. దాని పక్కనే, మీ ఇంట్లో చదువుకునే పిల్లలుంటే, వాళ్ల 9వ తరగతి జీవశాస్త్రం పుస్తకం కూడా పెట్టుకోండి. నవ్వకండి. ఎందుకో చెప్తాను.

పామిడిముక్కల మండలంలో నేను సేవ చేస్తున్న సంఘంలో ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత, 9వ తరగతి చదివే ఒక పాప పుస్తకం పట్టుకుని నా దగ్గరకు వచ్చింది.

“అయ్యగారండీ, ఒక సంగతి అడగొచ్చా అండీ? రేపు మాకు పరీక్ష. కణంలో అన్నిటికన్నా గొప్ప భాగం ఏదండీ?”

“కేంద్రకమే అయ్యుంటుంది తల్లీ” అన్నాను, ఎప్పుడో చదువుకున్నది గుర్తు చేసుకుని.

“అందరూ అదే అంటున్నారండీ. మరి మన ఎర్ర రక్తకణానికి కేంద్రకమే ఉండదు కదండీ? అదెలా బ్రతుకుతుందండీ?”

ప్రియులారా, నాకు మాట రాలేదు. సెమినరీలో గ్రీకు చదివాను, హెబ్రీ చదివాను, సంఘ చరిత్ర చదివాను. ఈ పాప ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. “చదివి వచ్చే ఆదివారం చెప్తానమ్మా” అన్నాను.

ఆ రోజుల్లోనే మా సంఘంలో మరో ప్రశ్న నలుగుతోంది. కోత పండుగ దగ్గర పడింది. వేదిక మీద కుర్చీలు ఎవరికి వేయాలి? కానుకల వేలం ఎవరు నడపాలి? కరపత్రంలో ఎవరి పేరు ముందు రావాలి? ఈ మాటల మీదనే ఇద్దరు పెద్దలు పలకరించుకోవడం మానేశారు. పాప అడిగింది కణాన్ని గురించి, పెద్దలు అడిగేది సంఘాన్ని గురించి. ప్రశ్న మాత్రం ఒక్కటే: ఎవరు గొప్ప? మార్కు సువార్త 9వ అధ్యాయములో శిష్యులు దారి పొడుగునా వాదించుకున్నదీ ఇదే. ప్రభువు అడిగేసరికి సిగ్గుపడి ఊరుకున్నారు.

సరే, పాప పుస్తకం తెరుద్దాం.

1665లో ఇంగ్లాండులో రాబర్ట్ హుక్ అనే ఆయన సీసా బిరడా చెక్కను పల్చగా కోసి సూక్ష్మదర్శినిలో పెట్టి చూశాడు. చిన్న చిన్న గదులు కనబడ్డాయి. వాటికి ‘సెల్’ అని పేరు పెట్టాడు. మఠాలలో సన్యాసులు ఒంటరిగా ప్రార్థన చేసుకునే చిన్న గదికి కూడా ఇంగ్లీషులో అదే మాట. ఆయన చూసింది ఎండిన చెక్కలోని ఖాళీ గోడలనే. బ్రతికి ఉన్న కణము ఖాళీ గది కాదు, సందడిగా పనులు జరిగే ఊరు. అటువంటి ఊళ్లు మన శరీరంలో సుమారు 30 లక్షల కోట్లు ఉన్నాయని శాస్త్రజ్ఞుల లెక్క.

ఆ ఊరి పొలిమేర దగ్గర మొదలుపెడదాం. కణము చుట్టూ పల్చని పొర ఉంటుంది. పుస్తకంలో దాన్ని కణత్వచం అంటారు. మన డెల్టా రైతుకు దీని పని వివరించనక్కర లేదు. కాలువ నీళ్లు చేలోకి రావాలంటే తూము ఉండాలి. తూము ఎప్పుడూ మూసి ఉంటే చేను ఎండిపోతుంది, ఎప్పుడూ తెరిచి ఉంటే చేను మునిగిపోతుంది. అందుకే లస్కరు కావాలి. కణత్వచంలో కూడా తూములున్నాయి. ఉప్పుకు కొన్ని, చక్కెరకు కొన్ని, నీళ్లకు కొన్ని. నీటి తూమును కనిపెట్టిన పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. ఏది లోపలికి రావాలి, ఏది బయటకు పోవాలి అనేది ఆ పొర దగ్గరే తేలుతుంది.

మొక్కల కణాలకు ఆ పొర బయట మరో గట్టి గోడ ఉంటుంది. దాన్ని కణకవచం అంటారు. ఎముకలు లేని వరి దుబ్బు నిటారుగా నిలబడగలిగేది ఆ గోడల బలం వల్లనే. ఆకుల్లోని కణాలలో పచ్చని హరితరేణువులు ఉంటాయి. అవి ఎండనూ గాలినీ నీళ్లనూ తీసుకుని చక్కెర తయారు చేస్తాయి. చెరకు ఆ చక్కెరను గడలోని కణాలలో రిక్తిక అనే సంచిలో దాచుకుంటుంది. ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరకు ట్రాక్టర్లు వరుస కట్టి వెళ్లడం మీరు చూసే ఉంటారు. ఆ ట్రాక్టరు మోసుకెళ్లేది కంటికి కనబడని కోటానుకోట్ల రిక్తికలను.

ఇక కేంద్రకం దగ్గరకు వద్దాం. ఇది ఆ ఊరి రిజిస్ట్రారు ఆఫీసు. అసలు దస్తావేజులన్నీ ఇక్కడే భద్రంగా ఉంటాయి. వాటి పేరు డీఎన్ఏ. ఒక్క కణంలోని డీఎన్ఏను సాగదీస్తే సుమారు 2 మీటర్ల పొడవు ఉంటుంది, మనిషి ఎత్తును మించిపోతుంది. అసలు దస్తావేజు ఆఫీసు దాటి బయటకు రాదు. కావలసిన భాగానికి నకలు తీసి బయటకు పంపుతారు. ఆ నకలు ఆర్ఎన్ఏ. నకలు చదువుకుంటూ మాంసకృత్తులను అల్లే కూలీలు రైబోసోములు. అవి ఎంత చిన్నవంటే స్కూలు సూక్ష్మదర్శినిలో కనబడనే కనబడవు. ఆ కూలీల రూపురేఖలను తేల్చినందుకు తమిళనాడు చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్‌కు మరి ఇద్దరితో కలిపి 2009లో నోబెల్ బహుమతి వచ్చింది.

అల్లిన మాంసకృత్తులు ఉన్నచోటే ఉండిపోతే లాభం లేదు. అంతర్జీవద్రవ్యజాలం అనే దారుల గుండా అవి సాగి, గాల్జి సంక్లిష్టం అనే చోటికి చేరతాయి. రైస్ మిల్లులో బియ్యం సంచులకు ఎత్తి, కుట్టి, ఏ ఊరికి పోవాలో గుర్తు వేసి లారీ ఎక్కించినట్లే, అక్కడ ప్రతి సరుకుకూ గుర్తు పడుతుంది, దాని చోటికి అది వెళ్తుంది.

ఇంత పని జరగాలంటే శక్తి కావాలి కదా? దానికి మైటోకాండ్రియా ఉన్నాయి. మనం తిన్న అన్నాన్ని, పీల్చిన గాలిని ఉపయోగించి, కణము ఖర్చు పెట్టుకోగల నాణెంగా మార్చేవి అవే. ఆ నాణెం పేరు ఏటీపీ. మన ఒంట్లో ఏ క్షణాన చూసినా ఈ ఏటీపీ కొంచెమే ఉంటుంది. కానీ అది ఖర్చవుతూ మళ్లీ తయారవుతూ, ఒక రోజంతటికీ లెక్క కడితే ఇంచుమించు మనిషి బరువంత అవుతుందట! చేతిలో నిలిచేది కొంచెమే, చేతులు మారేది చాలా. తల్లులారా, మీరు వినవలసిన సంగతి మరొకటి ఉంది. ఈ మైటోకాండ్రియా బిడ్డకు తల్లి నుండే వస్తాయి. మీ బిడ్డ పరుగెత్తినా, చదివినా, ప్రార్థనలో మోకరించినా, ఆ పొయ్యి వెలిగించి ఇచ్చింది మీరే.

ఈ ఏటీపీని 1929లో లోకానికి తెలియజేసిన వారిలో ఒకరు మన తెలుగువారని మీకు తెలుసా? ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. మనకు పొరుగూరి మనిషి లాంటివారే. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ఒక ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. తరువాత అమెరికాలోని బోస్టన్ చేరారు. కడుపు నింపుకోవడానికి అక్కడ ఆసుపత్రిలో రాత్రివేళ పోర్టరు పని చేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. అటువంటి చేతులతోనే హార్వర్డులో ఫిస్కే అనే ప్రొఫెసరుతో కలిసి, కణము శక్తిని ఎలా ఖర్చు పెట్టుకుంటుందో వెదికారు. అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నాడు.

సుబ్బారావు గారి అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో, కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. తరువాతి కాలంలో లెడర్లీ కంపెనీలో ఆయన నడిపించిన బృందమే, 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ జబ్బుకు అది మందయింది. గర్భిణీ స్త్రీలకు నర్సమ్మ ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది కూడా ఈ ఫోలిక్ ఆమ్లమే. కణము రెండుగా చీలే ముందు డీఎన్ఏ దస్తావేజుకు మరో ప్రతి రాసుకోవాలి. ఆ రాతకు ఫోలిక్ ఆమ్లం కావాలి. అది తక్కువైతే రక్తం సరిగా తయారు కాదు, కడుపులో బిడ్డ వెన్నుకు కూడా ప్రమాదం. అందుచేత ఆ మాత్ర గూట్లో పెట్టి మరిచిపోకండి చెల్లెమ్మలారా.

ఫోలిక్ ఆమ్లాన్ని పోలినట్లే ఉండి, దాని పనిని అడ్డుకునే మందులను కూడా ఆ బృందమే తయారు చేసింది. ఎందుకంటే, కొన్నిసార్లు ఒక కణము హద్దు మరిచి, పక్కవాటి మాట వినకుండా, తానే పెరుగుతూ పోతుంది. అదే క్యాన్సర్. డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అటువంటి ఒక మందును రక్తపు క్యాన్సర్ ఉన్న చిన్న పిల్లలకు ఇచ్చి, కొందరిలో జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించాడు. అంతకుముందు ఆ పిల్లలకు ఏ ఆశా లేదు. ఇక్కడ ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. క్యాన్సర్ వచ్చిన మనిషిని చూసి ‘ఏ పాపం చేశాడో’ అనుకోవడం మహా తప్పు. పుట్టు గ్రుడ్డివాని విషయంలో శిష్యులు అలాగే అడిగితే ప్రభువు ఒప్పుకోలేదు. యోహాను సువార్త 9వ అధ్యాయము చూడండి.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో అమెరికాలోనే కన్నుమూశారు. మళ్లీ మన దేశానికి రానే లేదు. ఆయన మన సంఘస్థుడు కాడు. అయినా దేవుడు ఆయన చేతుల ద్వారా మనకు ఎంత మేలు చేశాడో! ఆయన బృందం తయారు చేసిన మరో మాత్ర ఉంది, హెట్రజాన్. దాని సంగతి కాసేపట్లో చెప్తాను. ఎందుకంటే అది మా సంఘంలో ఒకరి కాలికి సంబంధించింది.

ముందు పాప ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఎర్ర రక్తకణము ఎముకల మజ్జలో పుట్టేటప్పుడు దానికీ కేంద్రకం ఉంటుంది, మైటోకాండ్రియా ఉంటాయి. ఎదిగే కొద్దీ కేంద్రకాన్ని బయటకు నెట్టేస్తుంది, మైటోకాండ్రియాను వదులుకుంటుంది. ఖాళీ అయిన చోటంతా హిమోగ్లోబిన్‌తో నింపుకుంటుంది. ఎందుకు? ప్రాణవాయువును ఎక్కువగా మోయడానికి. తాను మోసే ప్రాణవాయువును తాను వాడుకోదు. కొంచెం చక్కెరను పులియబెట్టుకుని, ఆ కాస్త శక్తితో గడుపుకుంటుంది. అలా సుమారు 120 రోజులు తిరిగి, అరిగిపోయి, రాలిపోతుంది. దాని చోటు నింపడానికి మజ్జ సెకనుకు 20 లక్షలకు పైగా కొత్త కణాలను పంపుతూనే ఉంటుంది. మన ఒంట్లోని కణాలన్నిటిలో లెక్కకు ఎక్కువ ఉన్నవి ఇవే!

ఇది చదివిన రాత్రి నేను చాలాసేపు పుస్తకం మూయలేదు. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయము మీద ఎన్నిసార్లు ప్రసంగించానో! ప్రభువు తన్ను తాను రిక్తునిగా చేసుకున్నాడని ఎన్నిసార్లు చెప్పానో! ఆ మాటకు ఒక చిన్న గుర్తు నా వేలి కొనలోనే తిరుగుతోందని నాకు తెలియలేదు.

ఇక ఒక్క భాగం మిగిలింది. పుస్తకంలో దానికి ఇచ్చింది నాలుగు వాక్యాలే. లైసోసోములు. అరిగిపోయిన సామాను, పనికిరాని చెత్త, లోపలికి చొరబడిన క్రిములు, వీటిని కరిగించి శుభ్రం చేసేవి అవి. బెల్జియం శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ డి డూవ్ 1955లో వీటికి పేరు పెట్టాడు. వీటిలో ఒక్క రసం లోపించినా చెత్త పేరుకుపోయి మనిషి మంచం పట్టే జబ్బులున్నాయి. గాషర్ జబ్బు అటువంటిది. కేంద్రకం చక్కగా ఉన్నా, పొయ్యి మండుతూ ఉన్నా, ఊడ్చేవారు లేకపోతే ఆ ఊరు నిలవదు.

ప్రియులారా, ఇప్పుడు నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

మా మందిరం ఊడ్చే ఒక మామ్మగారు ఉన్నారు. ఏళ్ల తరబడి ఆవిడే తాళం తీస్తారు, ఊడుస్తారు, చాపలు పరుస్తారు, కుండలో నీళ్లు పోస్తారు. ఆవిడకు బోదకాలు. కాలు నలుగురికీ కనబడుతుందని గుమ్మం పక్కన, చీర కుచ్చెళ్లు కిందికి లాక్కుని కూర్చుంటారు. ఆ సంవత్సరం కోత పండుగ ఘనంగా జరిగింది. చివర కృతజ్ఞతలు చెప్పే వంతు నాది. పెద్దల పేర్లు చదివాను, కానుకలిచ్చిన వారి పేర్లు చదివాను, షామియానా అబ్బాయి పేరూ మైకు అబ్బాయి పేరూ కూడా చదివాను. మామ్మగారి పేరు చదవలేదు. మరిచిపోయానని కూడా నాకు తెలియలేదు.

తరువాతి ఆదివారం వెళ్లేసరికి మందిరానికి తాళం వేసి ఉంది. జనమంతా ఎండలో నిలబడ్డారు. తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో ఇద్దరు పెద్దల్లో ఒక్కరికీ తెలియదు. నేను మామ్మగారి ఇంటికి పరుగెత్తాను. చలిజ్వరంతో వణికిపోతున్నారు. కాలు ఎర్రగా వాచి ఉంది. నన్ను చూసి లేవబోయి, “తాళం చెవి పంపలేకపోయానండి అయ్యగారూ. ఏమీ అనుకోకండి” అన్నారు.

క్షమాపణ అడగవలసినవాణ్ణి నేను. అడిగింది ఆవిడ.

ఆవిడ మంచం పక్కన నేలమీద కూర్చున్నాను. అన్నేళ్లలో ఆవిడ పక్కన కూర్చోవడం అదే మొదటిసారి. “మామ్మగారూ, మొన్న మీ పేరు చదవడం మరిచిపోయాను. నన్ను క్షమించండి” అన్నాను. ఆవిడ నవ్వి, “నా పేరు చదివితే చాపలు పరుచుకుంటాయా అండి?” అన్నారు.

ఆవిడను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాం. అక్కడ నర్సమ్మ చెప్పిన సంగతి మీరందరూ వినాలి. బోదకాలు శాపం కాదు. దోమ కాటుతో ఒంట్లోకి చేరే సన్నని పురుగు వల్ల వస్తుంది. 2004 నుండి ఫైలేరియా ఉన్న జిల్లాలలో సంవత్సరానికి ఒకసారి ఇంటింటికీ మాత్రలు పంచే కార్యక్రమం మొదలుపెట్టారు. ఆ మాత్రలలో ఒకటైన డీఈసీ, సుబ్బారావు గారి బృందం 1947లో వెలుగులోకి తెచ్చిన హెట్రజానే. రక్తంలో తిరిగే పిల్లపురుగులను అది చంపుతుంది, ఒకరి నుండి మరొకరికి పోకుండా ఆపుతుంది. గర్భిణీలూ, 2 సంవత్సరాలలోపు పిల్లలూ, బాగా జబ్బుతో ఉన్నవారూ తప్ప మిగిలినవారంతా మింగవలసిన మాత్ర. ఏళ్ల నాటి వాపును మాత్రం అది తీసివేయలేదు. అటువంటివారు రోజూ కాలు సబ్బుతో కడుక్కుని, పొడిగా తుడుచుకుని, వేళ్ల మధ్య పుండ్లు పడకుండా చూసుకుంటే, ఈ జ్వరాలు చాలావరకు తగ్గుతాయి.

మాత్రలు పంచినప్పుడు మన విశ్వాసులే కొందరు, “మేము ప్రార్థన చేసుకున్నాం, మాకెందుకు?” అని గోడ అవతల పారవేశారు. నేనూ గట్టిగా చెప్పలేదు. ప్రార్థన చేయండి, మాత్ర కూడా మింగండి. మాత్ర మింగడం అవిశ్వాసం కాదు. మీ రక్తంలోని పురుగు దోమ ద్వారా పొరుగింటి పాపకు చేరకుండా మీరు అడ్డు నిలబడుతున్నారు. అది పొరుగువానిని ప్రేమించడమే.

మామ్మగారు కోలుకునే వరకు మందిరం ఎవరు ఊడ్చారంటారా? మొదటి ఆదివారం నేనూ మా అమ్మగారూ ఊడ్చాం. రెండో ఆదివారం వెళ్లేసరికి ఆ ఇద్దరు పెద్దలూ చాపలు పరుస్తున్నారు, ఒకరు ఇటు చివర నుండి, మరొకరు అటు చివర నుండి. వాళ్లు పూర్తిగా కలిసిపోయారని నేను చెప్పను. కానీ చాపలు మధ్యలో కలవాలి కదా! అక్కడ “కొంచెం జరుపు” అని ఒకరు, “ఆ, ఇటు లాగు” అని మరొకరు అన్నారు. నెలల తరువాత వాళ్ల మధ్య పడిన మొదటి మాటలు అవే.

పాపకు నా జవాబు ఇచ్చాను. “అమ్మా, దస్తావేజు లేకపోతే పని తెలియదు, పొయ్యి లేకపోతే పని నడవదు, తూము లేకపోతే చేను పండదు, ఊడ్చేవారు లేకపోతే ఊరు నిలవదు. పరీక్షలో మార్కుల కోసం కేంద్రకం అని రాయవలసి వస్తే రాయి. కానీ ఎర్ర రక్తకణం గుర్తుంచుకో” అన్నాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, “అంటే ఎవరికోసం పని చేస్తుందో చూడాలన్నమాట అండీ” అంది. పౌలు భక్తుడు శరీరమును గూర్చి ఒక అధ్యాయమంతా రాసి కొరింథు సంఘానికి నేర్పబోయింది ఇదే కదా! బలహీనమని మనం అనుకునే అవయవమే ఎక్కువ అవసరమని, ఒకటి బాధపడితే అన్నీ బాధపడతాయని.

వింటున్న నీవు ఎవరివి సహోదరీ, సహోదరుడా? వేదిక మీద కూర్చునేవాడివా? అయితే ఈ వారం గుమ్మం పక్కన కూర్చునే వారి పేరు తెలుసుకో. వారి పక్కన కూర్చో. లేక, ఎవరూ పేరు చదవని చోట పని చేస్తూ ‘నన్నెవరు చూస్తున్నారు’ అని అలసిపోయావా? నీ ఒంట్లో ప్రాణం నిలబెడుతున్నవన్నీ కంటికి కనబడనివే. వాటిని చేసినవాడు నిన్ను చూడకుండా ఉంటాడా?

తలలు వంచండి, ప్రార్థన చేసుకుందాం.

మమ్మును సృజించిన తండ్రీ, మా ఒంట్లోని ప్రతి కణాన్ని ఎరిగినవాడవు నీవే. గొప్పవారెవరని మేము వాదించుకున్నాం, క్షమించు. మా గుమ్మాల దగ్గర కూర్చున్నవారిని చూసే కన్నులు మాకు దయచేయి. జబ్బుతో మంచాన ఉండి ఈ ప్రసంగం వింటున్నవారిని ముట్టు. ఆసుపత్రులలో, ప్రయోగశాలలలో కష్టపడేవారిని దీవించు. చదువుకునే మా పిల్లలకు అడిగే ధైర్యమివ్వు, మాకు తెలియదని ఒప్పుకునే వినయమివ్వు. యేసు నామములో వేడుకుంటున్నాము తండ్రీ, ఆమేన్.